దవడ పక్కన దొరికే అక్షరం

లాము దీవిలో గాడిదలు కూడా
గోడనీడ వెతుక్కునే మధ్యాహ్నం
చేతుల సొరచేప నూనె సున్నంతో రుద్ది కడుక్కుని
బీ మ్వనాషా అరుగెక్కుతాను.
అటూ ఇటూ ఏడేళ్ళ పిల్లలు.
నా మోకాళ్ళు మఠం వెయ్యనంటాయి.
ముప్ఫై ఏళ్ళు పడవల సందులు పూడ్చిన వేళ్ళు
పలక పట్టుకోవడానికి సిగ్గుపడతాయి.

"ఖేరీ, నోరు తెరు. నీ నోరే నీ బడి."

మొదటిరోజు గొంతు.
హలు రెండట:
ఒకటి బస్తా దించి నిట్టూర్చే హ,
రెండోది అద్దం మీద ఊదినప్పుడు
గొంతు నడుమ ఒరుసుకునే హ.
కలూ రెండే.
ఒకటి మనందరికీ తెలిసినది,
ఒకటి కొండనాలుక మొదట్లోంచి
బావిలో బిందె అంచు రాతికి తగిలినట్టు రావాలి.
నాకు రాలేదు.
గుండె అనబోయి కుక్క అన్నాను.
పిల్లలు పడీపడీ నవ్వారు.
బీ నవ్వలేదు.
"ఇంతకాలం దేవుడు సర్దుకుని విన్నాడులే" అంది.

ఆమెకు ముందుపళ్ళు లేవు.
కిందటేడు కుసీ గాలులు వీచే నెలల్లో
ఒకటొకటే రాలిపోయాయి.
నాలుక కొన పైపళ్ళ అంచున ఆనితేనే పలికే అక్షరాలు
ఇప్పుడామె నోట ఉత్త గాలి.
"ఆ గది కూలింది.
గుమ్మం ఎక్కడుండేదో నాకు తెలుసు,
నువ్వెళ్ళు" అంటుంది.
నేను వెళ్తాను.
కళ్ళు మూసుకుని వింటుంది,
వెంట్రుకంత పక్కకు జరిగినా
ఈతపుల్లతో చాప మీద టక్కున కొడుతుంది.

కొన్ని నియమాలు మాత్రం నాకు ముందే తెలుసు,
పేర్లే తెలియవు.
పొల్లు నకారం యకారాన్ని ఆనుకుంటే
తన ఒళ్ళు తాను కరిగించుకోవాలి,
ముక్కులో సన్నని మూలుగొకటి మిగలాలి.
ఇద్ఘామ్ అంది బీ.
రెండు పలకల నడుమ పత్తి దూర్చి
ఉలితో కుక్కి నూనె పట్టిస్తే
నీళ్ళకిక ఎక్కడ ఏది మొదలో తెలియదు, అదే కదా.
అదే నకారం బకారం ఎదురైతే
చొక్కా మార్చుకుని మకారమై పోతుంది.
ఇంకో అయిదు అక్షరాలున్నాయి,
ఆగినచోట కుదురుగా ఆగవు,
మేకు తల మీద సుత్తి చేసే చిన్న ఎగురు.

ఎందుకు ఈ వయసులో, అని ఎవరూ అడగలేదు.
దీవి చిన్నది, అందరికీ తెలుసు.
ఆ పడవ నేను పూడ్చిందే.
మాండా కాలువ దాటాక ఒక సందు నోరు తెరిచింది.
నలుగురు ఈదుకొచ్చారు.
మ్సెల్లెము రాలేదు.
అతని తల్లి ముందు కూర్చుని చదివినప్పుడు
నా చదువులోంచి నీళ్ళు లోపలికి రావడం
నాకొక్కడికే వినబడింది.

ఇవాళ ఆఖరి మాటకొచ్చాం.
నమాజు నమాజుకూ చదివేదే, చిన్నప్పటినుంచీ.
దారి తప్పినవాళ్ళ మాట.
మొదటి అక్షరానికి నాలుక పక్కంచు పైదవడపళ్ళకు ఒరగాలి,
తర్వాతి అచ్చును ఆరు లెక్కలు లాగాలి.
"అన్ని దీర్ఘాలుంటే దీనికే ఆరెందుకు?" అన్నాను.
తీమా, చెప్పుల్లో ఎప్పుడూ ఇసకుండే పిల్ల,
"తప్పిపోయినవాళ్ళు తిరిగి రావాలిగా, టైము పడుతుంది" అంది.
చాప మీద పుల్ల టక్కుమంది.
"అచ్చు వెనక ఒత్తు లకారం ఉంది, అందుకు ఆరు.
నియమానికి కథలు అల్లకు."
అని, కాసేపాగి,
ఎడమ బుగ్గ మీద వేలుంచుకుని
తనే పలికింది.
ఆ వైపు ఇంకా రెండు దవడపళ్ళున్నాయి.
అక్షరం చెక్కు చెదరకుండా వచ్చింది,
బరువుగా, తడిగా,
ఇసకలోంచి లంగరు లేచినట్టు.
పిల్లలు కూడా కదల్లేదు.

నాది ఇంకా ద దగ్గరే తచ్చాడుతోంది.
సాయంత్రం ఒడ్డున,
బోర్లించిన పడవ కింద వెల్లకిలా పడుకుని
నాలుకను దవడకు ఆనించి
సందు వెంబడి సుత్తితో లెక్కపెట్టాను.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
అయిదు దగ్గర, తీసుకోకూడని చోట,
ఊపిరి తీసుకున్నాను.
మళ్ళీ మొదటినుంచి.