పళ్లు లేని కసాయికి బిసారా

వహీబ్ పళ్లన్నీ పీకేశారట.
పై వరసా, కింది వరసా, ఒక్క వారంలో.
పెద్ద ఉపవాసం రోజులు, మాంసం కొనేవాళ్లుండరు,
కొట్టు ఎలాగూ మూతే,
ఇదే అదనని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడట.
మూడో అంతస్తులోకి తాడుబుట్టలో ఉల్లికాడలు లాక్కుంటూ
ఫిక్రియ్యా అరిచి చెప్పింది.
షుబ్రాలో మా వీధి వీధంతా విన్నది.
నేను మాత్రం విననట్టు
సూదిలో దారం ఎక్కించుకున్నాను.

మూడేళ్లయింది అన్నతో మాటల్లేక.
ఎందుకో చెప్పాలంటే సిగ్గు.
అమ్మ ఇత్తడి రోలు.
రోలు వాడెత్తుకుపోయాడు,
రోకలి నేను దాచేశాను.

ఆ రాత్రి బద్దలు నానబోశాను.
ఎవరికోసమని నన్ను నేను అడగలేదు.
పొట్టు తీసిన పెద్ద చిక్కుడు బద్దలు
గిన్నె అడుగున, నీళ్ల కింద,
ఎవరివో పాత పళ్లలా పసుప్పచ్చగా కనిపించాయి.
నవ్వొచ్చింది. దీపం ఆర్పేశాను.

పొద్దున్నే పొయ్యి మీదికి.
రెండు ఉల్లిపాయలు, పెద్ద ముక్కలు చాలు,
ఒక వెల్లుల్లి గడ్డ మొత్తం,
పచ్చిమిర్చి ఒకటే,
చిగుళ్లింకా పచ్చిగా ఉంటాయి కదా.
పొంగిన నురగ తీసి పారబోస్తూ నిలబడ్డాను.
బద్ద రెండు వేళ్ల మధ్య వెన్నలా అణిగాక
కొత్తిమీర, పార్స్లీ, సోయికూర,
కట్టలకు కట్టలు, కాడలతో సహా.
గోధుమరంగు కుండ
మూత పెట్టి తీసేలోగా పచ్చబడింది.

మిక్సీ మూత బిగించానో లేదో
కరెంటు పోయింది.
ఫ్రిజ్ నిట్టూర్చింది. మెట్ల మీద ఎవరో
సర్కారు వాళ్ల అమ్మమ్మను తలుచుకున్నారు.
గంట. ఒక్కోసారి రెండు.

సొరుగు అడుగున చెక్క పప్పుగుత్తి దొరికింది.
అమ్మదే. పంపకాల్లో దీన్ని ఎవరూ అడగలేదు.
రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పాను,
ఇటు, అటు, ఇటు,
బద్దలు విరిగి, ఆకు చిరిగి,
ఒకదాని రంగు ఒకటి తాగేదాకా.
అమ్మ తిప్పేటప్పుడు
కుండ చెవులు పట్టుకునేది వహీబే.
నేను పట్టుకుంటే కుండ ఊగుతుందనేది అమ్మ.
ఇవాళా ఊగింది.
మోకాళ్ల మధ్య ఇరికించుకుంటే
గౌనంతా పచ్చటి చుక్కలు.

ఎండు పుదీనా నలిపి వేశాను.
ధనియాలు దంచాలి, రోలు లేదే!
రేకు గిన్నెలో రోకలితో దంచితే
గింజలు వంటిల్లంతా పారిపోయాయి.
దొరికినన్ని వెల్లుల్లితో నూనెలో వేయించి
చుయ్‌మనగానే కుండలోకి వంచాను.
జీలకర్ర. ఉప్పు.
రుచి చూసి, ఇంకాస్త ఉప్పు.

చల్లారుతూ చల్లారుతూ గట్టిపడి
పైన సన్నటి మీగడలాంటి పొర కట్టింది.
దాని మీద ఎర్రగా వేగిన ఉల్లి, కరకరలాడేది, చల్లాలి.
చల్లబోయి చెయ్యి ఆగింది.
వాడెలా నములుతాడు?
ఉల్లి నేను తినేశాను.
ఉల్లి వేగిన నూనె మాత్రం చుట్టూ పోసి
పింగాణీ గిన్నెకు గుడ్డ కట్టి
కింది ఇంటి అబనూబ్ చేతిలో పెట్టాను.
"ఎవరిచ్చారని అడిగితే?"
"ఎవరూ ఇవ్వలేదని చెప్పు."

గిన్నె చీకటి పడ్డాక తిరిగొచ్చింది, కడిగి.
లోపల కొట్టు బిల్లు కాగితం మడత.
ఎముకలు నరికే చేతి రాత,
కాగితం అవతలికి దిగబడింది:
"ఉప్పు చాలలేదు."

మూడేళ్లకు ఇదీ మొదటి మాట.
"వేలితో తుడుచుకుని మరీ తిన్నాడత్తా" అన్నాడు అబనూబ్,
అడక్కుండానే.

ఉప్పు సరిపోయింది. నాకు తెలుసు.
నాలుగుసార్లు రుచి చూశాను.
పళ్లు కట్టించుకునేదాకా ఇంకా ఎన్ని రోజులో అని
వేళ్ల మీద లెక్కేసుకుంటూ
మళ్లీ డబ్బాడు బద్దలు నానబోశాను.
రేపు గిన్నెతో పాటు
రోకలి కూడా పంపేద్దామా అనుకున్నాను,
గుడ్డ పరిచి అందులో పెట్టాను కూడా.

మళ్లీ తీసేశాను.
ఉప్పు చాలలేదట!