రెండో షిఫ్టు కూత

అలమారల బట్టలు అట్లనే ఉంచి
తలకాయ ఒక్కటే లోపట పెట్టి మాట్లాడుత.
కిషన్‌పురల కిరాయి అర్ర నాది,
కింద పిండిగిర్ని, పక్కన కోచింగ్ సెంటర్.
రాత్రి పది దాటి గిర్ని బందైనంక
నా పాడ్‌కాస్ట్ మొదలైతది.
చలికోట్ల నడుమ, పెండ్లినాటి షేర్వాణి చెవులకు రాసుకుంటుంటె
"నమస్తే, నేను ఓదెలు" అంట.
మూడు వందల పద్నాలుగు మంది విన్నరని చూపిస్తది ఫోను.
నవ్విన్రా అంటె చెప్పది.

టీవీల అట్ల కాదు.
నవ్వు ముందుగాలనే తరిగి పెట్టుకుంటరు, కొత్తిమీర లెక్క.
నేను నోరు తెరువకముందే మీద చల్లుతరు.
"నీ యాస మంచిగుంది, జర ఎక్కువ చెయ్" అన్నడు డైరెక్టరు.
మాట్లాడుడు ఎక్కువెట్ల చేస్తరు?
ఆ రోజు కెమెరా ముందర
మా దిక్కు ఎవ్వరూ మాట్లాడని తెలంగాణ మాట్లాడిన.
పేరు గూడ పొట్టిగ కోసిన్రు: ఓడీ.
ఓదెల మల్లన్నకు మొక్కితె పుట్టినోన్ని,
తిరుగు రైల్ల కండ్లు మూసుకుంటె మల్లన్నే కనవడ్డడు,
ఏం అనలే, ఊకె చూసిండు.
షో వచ్చిన నాడు మా మేనత్త ఫోను:
"మంచిగ చేసినవ్ బిడ్డా.
గని ఆ ఎనుక నవ్వెటోళ్ళు, వాళ్ళకు ఇంక పనేం లేదా?"

నెలకొక్కపారి హన్మకొండల, ఫంక్షన్ హాలు రెండో అంతస్తుల
రాసుకోకుంట ఆడే ఆట ఆడుతం.
నూరు రూపాలు టికెట్టు, చాయ్ ఫ్రీ.
నా జత తబస్సుం:
పొద్దంత ల్యాబుల రక్తం తీస్తది,
పొద్దుగూకితె స్టేజి మీద నా పాణం తీస్తది.
జనం మాట ఇస్తరు, మేం దాన్ని ఆడాలె.
"బ్రేకప్!" "మా మేనేజరు!" "బ్రేకప్!"

ఆ శనారం ఆఖరు వరుసల ముగ్గురు ముసలోళ్ళు,
వాన తప్పిచ్చుకుందామని వచ్చిన్రనుకున్న.
"ఒక జాగ చెప్పున్రి" అంటె
"మిల్లు" అన్నడొకాయన.
ఏ మిల్లని వరంగల్ల అడుగుతరా ఎవరన్న?

నాకేం తెల్వది. నాకు బుద్ధెరికయ్యేసరికి
అక్కడ ప్లాట్ల బోర్డులే ఉన్నయ్.
తబస్సుం అప్పటికే మరమగ్గం ముందర నిలవడ్డది,
లేని దారం తెగితె లేని ముడి ఏస్తున్నది.
నాకేం తోచక, నోటికి రెండు చేతులు అడ్డం పెట్టి
సైరన్ కూసిన.

నవ్వుతరనుకున్న.
ముగ్గురూ లేసి నిలవడ్డరు.
ఒకాయన చెయ్యి జేబులకు పోయింది,
బిళ్ళకో, బీడీకో.
హాలంత చప్పుడు లేదు.
కిందంతస్తుల ఎవలదో పెండ్లి బ్యాండు.
ఎదుటోడేమన్నా "అవు, ఇంకా" అనాలె, మా ఆటకు అదే కట్టుబాటు.
"అవు" అనెతందుకే నాకు నోరు రాలే.
తబస్సుం దారం ఇడువలే.

మిల్లు అన్నాయన గొంతు సవరిచ్చుకున్నడు:
"పోరగా, నువ్ కూసింది రెండో షిఫ్టుది.
మొదటి షిఫ్టుది ఇంకింత పొడుగుంటది.
జనం నిద్రల ఉంటరు గద."

హాలు పగిలిపోయింది.
ముందు వరుసల పిల్ల చాయ్ మీద ఒలకవోసుకున్నది.
నేనూ నవ్విన,
నా స్టేజి మీద, నా మైకు అందని దూరం కెల్లి
ఇంకొకడు ఏసిన మాటకు.

ఆయన కూసోలే.
"మల్ల కూయి" అన్నడు.
కూసిన, ఊపిరి అయిపోయిందాక.
"ఇంక" అన్నడు.

బుధవారం అలమారల తల పెట్టి రికార్డింగ్ విన్న.
ఆ సప్పుడు లేని జాగ పదకొండు సెకండ్లున్నది.
ఖాళీ ఉన్నది, కోసెయ్యాల్నా అని అడిగింది కంప్యూటరు.
వద్దన్న.
తెల్లారి ఒక పిలగాడు మెసేజ్ పెట్టిండు:
"అన్నా, నడుమ నెట్ పోయింది."
పోలే తమ్మీ, షిఫ్టు మారింది
అని రాసి, మల్ల కొట్టేసిన.
అంత పెద్ద మాట అనెతందుకు
కనీసం ఆయన పేరన్న అడిగి ఉండాలె గద.

ఇప్పుడు రోజూ నల్లా నీళ్ళు పట్టుకుంట
పొడుగు కూత నేర్సుకుంటున్న.
గిర్ని లచ్చుమక్క తలెత్తి మీదికి చూస్తది:
"ఎవలు సచ్చిన్రు రా?"