ఎన్నాళ్లుంటరు?

కట్టె సంగతి అడిగే ముందు
మనిషిని అడగాలె లింబాద్రీ,
ఎన్నాళ్లుంటరని.

అజ్మాన్ సనయ్యాల పొద్దుగాల ఆరింటికే
రేకుల షెడ్డు పెనం లెక్క కాలుతది.
టేకు బర్మాది, బీచ్ రొమేనియాది,
మెరాంటి ఏ దీవిల పుట్టిందో కాయితం మీద రాసుంటది, చదువు.
కాయితాన్ని మాత్రం నమ్మకు.
వేలి కణుపుతోని కొట్టి చూడు.
చేవ ఉన్నది కంచు లెక్క పలుకుతది,
లోపల పుచ్చింది గుమ్మడికాయ లెక్క మూలుగుతది.
రంపంపొట్టు పిడికిట్ల పట్టి వాసన చూడు.
టేకుది కొత్త చెప్పుల వాసన.
ఆ మూలకున్న నున్నటి పలకలకు బంక వాసన తప్ప ఇంకోటి లేదు,
అది కట్టె కాదు,
కట్టె గురించి ఎవరో చెప్పిన మాట.

నిన్నొచ్చిన నర్సు, మనీలా పిల్ల,
మంచం కావాలన్నది. కాంట్రాక్టు రెండేండ్లు.
ఆమెకు పైను చాలు, టేకు అంటగట్టకు.
పోయేనాడు మెట్ల కింద ఇడిసిపోయే మంచానికి
నూరేండ్ల చెట్టెందుకు?

మజ్లిస్‌ల వేసే బల్ల అయితే ముచ్చట వేరు.
తలుపవతల నలభై ఎనిమిది, తలుపివతల పంతొమ్మిది.
నడుమ కట్టె ఏం చేస్తది?
ఉబ్బుతది, ముడుచుకుంటది, నడిరాత్రి టక్కుమంటది,
పిల్లలు దయ్యమనుకుంటరు.
అందుకే పలకను మేకులతోని కట్టెయ్యకు,
కూసానికి రవ్వంత సందియ్యి.
మెదలనిస్తే పగలదు.

క్యాంపుల నా మంచం చూసి నవ్వినవు గదా.
పర్వాలేదు.
పంతొమ్మిదేండ్ల కింద జెబెల్ అలీ పోర్టుల పారేసిన
పేలెట్ల చెక్క అది.
'ఇటు పక్క పైకి' అన్న బాణం గుర్తు
ఇప్పటికీ నా తల కిందనే ఉన్నది, పక్కకు తిరిగి.
ఈ యేడు పోత, వచ్చే యేడు పోత అనుకుంట
మంచిది చేసుకోలే.
ఎంతమందికో మంచాలు చేసిన ఈ చేతులు
ఒక్కనాడన్న నన్నడగలే,
ఎన్నాళ్లుంటవని.

మొన్న పికప్పుల హుమైద్ ముసలాయన దుంగ తెచ్చిండు.
గాలివానకు కూలిందట,
వాళ్ల తాత ఒంటెల కట్టేసిన చెట్టట.
నరకలేదని మున్సిపాలిటీ కాయితం కూడ చూపెట్టిండు.
గాఫ్, అన్నడు.
బెరడు గీరి చూసిన, ముల్లు చూసిన,
కొమ్మకు ఇంక అతుక్కొని ఉన్న నాలుగాకులు నలిపి చూసిన.
లింబాద్రీ, అది జమ్మి.
దసరనాడు అలాయ్ బలాయ్ తీసుకొని
బంగారమని చేతుల పెట్టే ఆకు.
ఇన్నేండ్లు ఎడారి రోడ్ల పొంటి నిలబడే ఉన్నది.
బస్సు కిటికీల కెళ్లి రోజు చూసిన,
పరాయిదనుకున్న.

ఏం చెయ్యమంటరంటే
గడప కాడ కూసునే పీట అన్నడు.
ఎనభై దాటిన మనిషిని ఎట్లడుగుత ఆ మొదటి ప్రశ్న?
పచ్చికట్టె బాబా, ఏడాదిన్నర నీడల ఆరాలె,
తొందరపడితే నెర్రెలు బాస్తది అన్న.
ఆరనీ, అన్నడు,
పొగగొట్టంల పొగాకు నింపుకుంట.
నా వీసా ఏడు నెలలే ఉన్నదని
నేను చెప్పలే.

రెండు కొసలకు మైనం పూసిన.
చెద ఎక్కకుండ ఇటుకల మీద ఎత్తిపెట్టిన.
సుద్దముక్కతోని తారీఖు రాసిన, తెలుగుల,
ఇంకెవరూ చెరపకుండ.
నెలకోపారి పొర్లియ్యాలె, మర్చిపోకు.
కోసేనాడు మిషనుకు ఇయ్యకు,
జమ్మి మొండిది, పండ్లు ఇరుగుతయి,
చేతిరంపం పట్టు.
దానికి ముందుగాల
చెప్పులిడిసి జరసేపు నిలబడు.
మొక్కుమంటలేను,
ఊకె నిలబడు.
పొర ఎటు దిక్కు పోతున్నదో
అప్పుడే కండ్లవడతది.