వాలుగ దవడ

పాలకొండ రోడ్డులో, మందుల కొట్టు పైన నా గది.
పెళ్ళికూతురు కింద కూర్చుంటే గానీ
మోకాళ్ళ దాకా జారే జడ అల్లడం కుదరదని
మెరూన్ రంగు తివాచీ ఒకటి పరిచాను.
ముహూర్తాల నెల దాటేసరికి
తివాచీకి కూడా జుట్టు మొలిచింది.

చీపురుకి లేవదు.
తడిగుడ్డ పెడితే మరింత అతుక్కుంటుంది.
భూలక్ష్మి గొంతుక్కూర్చుని వేళ్ళతో ఏరుతూ
"తివాచీకి పేలు సూస్తన్నట్టుందప్పా" అని నవ్వుతుంది.
నవ్వాక నడుం పట్టుకుంటుంది.

ఒక బుధవారం, గిరాకీ లేని పూట,
ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షాపుకి వెళ్ళాను.
తవిటినాయుడట కుర్రాడి పేరు, జేబు మీద రాసుంది.
వాట్లు చెప్పాడు, లీటర్లు చెప్పాడు,
పట్టా మీద గుప్పెడు శనగపప్పు చల్లి
పీల్చి చూపించాడు.

శనగపప్పుదేముంది నాయనా, పిలిస్తే వస్తుంది.

నేను సంచీలోంచి మూట తీసి విప్పాను.
పార్వతీపురం పిల్ల ఉంగరాలు,
టెక్కలి టీచరుగారి గోరింటాకు ఎరుపు,
కళింగపట్నం ఉప్పుగాలికి బిరుసెక్కిన పోగులు,
ఇరవై మూడేళ్ళ తలలో దొరికిన ఒక్క తెల్ల వెంట్రుక.
ఎవరికీ చెప్పొద్దంది. పేరు చెప్పను.

కుర్రాడు ఒక అడుగు వెనక్కేశాడు:
"ఇదేటండి మేడమ్, చేతబడా?"

పరీక్ష, అన్నాను.
షోరూం తివాచీ మీద పరిచి కాలితో తొక్కాను,
పెళ్ళివారు తొక్కినట్టే.

మొదటి మెషిన్ కుచ్చుల రోలరుది.
గిర్రున తిరిగింది, అర నిమిషంలో గొంతు పూడింది.
తిరగేసి చూస్తే
నిండిన కదురు.

కదురు చూశాక నేనింక షాపులో లేను.
పొందూరులో, మా అమ్మమ్మ అసిరమ్మ ముందున్నాను.
ఆమె ఒళ్ళో కొండపత్తి, చేతిలో వాలుగ చేప దవడ,
ఆవగింజలో సగం లేని పళ్ళు వరసలు వరసలు.
గింజని అంటుకున్న నూగుని
దవడతో అలా అలా దువ్వేది.
నేను తొందరపడి పీకితే చేతి మీద ఒకటేసి
"లాగితే తెగిపోద్దే గుంటా,
దువ్వితే అదే వొస్తాది."

రెండో మెషిన్‌కి రోలరే లేదు, అరుపు మాత్రం ఉంది.
ఊళ్ళో అందరికంటే ఎక్కువ వాట్లున్నది అదేనట.
జుట్టు ఉన్నచోటే ఉండి దాని అరుపు విన్నది.

మూడోది చూపించమన్నాను, మూల అట్టపెట్టెలోది.
కుచ్చుల్లేవు, రబ్బరు రెక్కలు.
రోలరు ఒక కొసన లావు, ఒక కొసన సన్నం.
వెంట్రుక చుట్టుకోబోయి, జారి,
సన్నం వైపు నడుచుకుంటూ వెళ్ళి డబ్బాలో పడింది.
దువ్వుతోంది, అన్నాను పైకే.
"ఏటండీ?" అన్నాడు తవిటినాయుడు.
పద్దెనిమిది వేల తొమ్మిది వందలు.
ఎనిమిది పూలజడలు. నాలుగు వాయిదాలు.

ఇప్పుడు భూలక్ష్మి నిలబడి ఊడుస్తుంది.
"ఎంట్రుకలకి సామాన్లూ" అని మంగళవారం వచ్చే సైకిలాయన
డబ్బాలోకి తొంగిచూసి పెదవి విరిచాడు:
"మెషిన్ జుట్టొద్దమ్మా, అంతా దుమ్మే."
దానికి పౌరుషం వచ్చింది.
అలమరలోంచి, పాత పొందూరు పంచె ముక్కలోంచి
అమ్మమ్మ దవడ తీసి,
తివాచీ మీదే చతికిలబడి
పది ఊళ్ళ జుట్టు చిక్కుదీసి పాయలు చేసింది.
ఆయన నోరెత్తకుండా స్టీలు గరిటె ఇచ్చాడు,
చిన్నదే, పప్పు గరిటె.

సాయంత్రం చూస్తే దవడలో ఒక పన్ను లేదు.

భూలక్ష్మి ప్లగ్గు మీద చెయ్యి వేసింది.
ఉండు, అన్నాను.
ఇద్దరం మోకాళ్ళ మీద వంగి
గుమ్మం నుంచి కిటికీ దాకా
వేళ్ళతో, పేలు చూసినట్టు,
తివాచీని పాయలు తీస్తూ పోయాం.