కొలతరాయి

మా నాయన చేతిలో ఇనప చక్రం ఉండేది.
కె.సి. కాలవ మింద లస్కరు ఆయన.
షట్టరు ఎత్తితే మైదుకూరు మాగాణి పచ్చగా ఊగేది,
దించితే ఆయకట్టు చివర
మా అవ్వోళ్ళ కయ్య నోరు తెరిచేది.

నా చేతిలో చక్రం లేదు.
గోడకు బిగించిన తెల్ల డబ్బా, దాంట్లో పచ్చదీపాలు,
వెంట్రుకంత గాజుతీగ.
చాపాడులో మున్నూట పన్నెండు ఇండ్లకు
ఇప్పుడు నేనే లస్కరును.
పేరు మౌలాలి. జనం పిలిచేది నెట్టు మౌలాలి.

పోయిన నెల పైనుంచి మాట వచ్చె.
కంపెనీ సొంత సినిమాల యాప్ పరిగెత్తాలంట,
మిగతావి నడిస్తే చాలంట.
లోపల ఒక గీతను పక్కకు జరిపితే అయిపాయె.
జరిపినా.
ఆ రాత్రి మగ్గాల వీధిలో నర్సమ్మ కూతురు
నర్సింగు పరీక్షకు పాఠం తెరిస్తే
తెర మింద చిన్న సున్నా తిరగతానే ఉండె,
గానుగెద్దు మాదిరి.
పక్కింట్లో హీరో మాత్రం
రెప్పపాటు ఆగకుండా పదిమందిని తన్నె.

కడపలో మీటింగు పెట్టినారు,
తీగల మింద సర్కారు చెయ్యి ఉండాల్నా వద్దా అని.
టై కట్టుకున్నాయన లేసి
"గుంత మేం తవ్వినాం, తీగ మేం లాగినాం,
మా దోవలో ఏ బండి ముందు పోవాలో
మేం చెప్పుకుంటాం" అన్యాడు.
చప్పట్లు.
వెనక వరసలో రిటైరైన లెక్కలసారు సుబ్బన్న
"కె.సి. కాలవనూ మొదట తవ్వింది కంపెనీనే నాయనా,
తెల్లోళ్ళ కంపెనీ.
నీళ్ళకు రేటు కట్టి, కొనే రైతు రాక చతికిలబడితే
ఆఖరికి సర్కారే కొనుక్కునె" అన్యాడు.
దానికీ చప్పట్లు.
మూతి మింద మీసం గూడా రాని పిల్లోడొకడు
"సర్కారు చేతికిస్తే సర్కారే ఆపుతాది సార్.
ఊర్లో రెండు పార్టీలు రాళ్ళేసుకుంటే
మూడు దినాలు నెట్టు కట్టు.
నా లారీ చీనీకాయలు మండీలో కుళ్ళిపాయె.
ఎవరినడగాల?" అన్యాడు.
ఈసారి ఎవరికీ చేతులు లేయలేదు.

నాయన గుర్తొచ్చినాడు.
ధర్మప్రభువేం కాదు.
ఎండిన ఏడు ఎగువోళ్ళు రెండు మూటల వడ్లు తెచ్చి
పొద్దుగూకినాక వాకిట్లో దించితే
చూపు తిప్పుకున్యాడు.
తెల్లారి దిగువకు షట్టరు రెండు చుట్లు తక్కువ తిరిగె.
ఆ వడ్ల అన్నం నేనూ తిన్యా.
రుచిగానే ఉండె.
సర్కారు జీతగాడే మా నాయన.

అయితే కాలవ గోడకు ఒక రాయుండేది.
తెల్ల సున్నం, నల్ల గీతలు.
చదువురాని గంగులమ్మ దిగువ నుంచి ఆరుమైళ్ళు నడిచొచ్చి
కొంగుతో పాచి తుడిచి
నీళ్ళు ఏ గీత కాడుండాయో చూసుకునేది.
"దస్తగిరీ, నిన్న మూడు. ఈపొద్దు రెండు.
ఆ గీత యాడికి పాయెరా?"
నాయన తువ్వాలుతో మొగం తుడుచుకునేవాడు.
మాటాపలుకు లేదు.
సాయంత్రానికి చక్రం తిరిగేది.

మైకు నా కాడికి వచ్చె.
కంపెనీనా, సర్కారా, సూటిగా చెప్పమనిరి.
గొంతెండిపాయె.
"చక్రం ఎవరి చేతికన్నా ఇయ్యండి సార్,
రాయి మాత్రం దోవ పక్కన పాతండి.
తీగలో ఎవరికెంత పోతాందో
గంగులమ్మ వచ్చి తుడిచి చూసుకునేట్టు."
ఎవరో నవ్వినారు.
రాసుకుంటాండే మేడం పెన్ను ఆపి
"రాయి అంటే?" అనె.
చెప్పేలోపల భోజనాలకు లేసినారు.

తిరుగు బస్సు ఖాజీపేట దాటినాక ఫోను మోగె.
"మౌలాలీ, పాప పాఠం మళ్ళా తిరగతానే ఉండాదప్పా."

రాత్రి పదకొండుకు డబ్బా తెరిచినా.
పచ్చదీపాలు నన్నే చూస్తాండాయి.
జరిపిన గీతను వెనక్కి జరిపినా.
పైవాళ్ళకు రేపో ఎల్లుండో తెలుస్తాది, తెలవనీ.
సుద్దముక్కతో బయట గోడ మింద
తేదీ రాసి, కింద ఆ పొద్దు అంకె రాసినా,
వీధిదీపం వెలుగు పడేచోట.

వాన రాకుంటే
తెల్లారేదాకా ఉంటాది.