పిడికెడు తీసి

లుంగ్లేలో తెల్లవారదు,
పొగమంచు కాస్త పలచబడుతుంది, అంతే.
అప్పటికే చిన్నది నా వీపు మీద
పువాన్ ముడిలో
నిన్నటి పాల వాసనేస్తూ.
పెద్దాడు ఒంటి మేజోడు కోసం ఇల్లంతా తవ్వుతుంటాడు.
మా ఆయన సుమో ఎక్కి
ఐజ్వాల్ వెళ్ళేవాళ్ళ పేర్లు పిలుస్తుంటాడు,
లోయ అవతల వాళ్ళు కూడా లేచి కూర్చునేలా.

మూడు గ్లాసుల బియ్యం గిన్నెలోకి.
గిన్నెలోంచి ఒక పిడికెడు వెనక్కి,
పొయ్యి పక్కన దేవుడి డబ్బాలోకి.
బిస్కెట్ల డబ్బా అది.
మూత మీద గుర్రానికి తల ఒక్కటే మిగిలింది.
మా అమ్మ ఇలాగే తీసింది, ఆమె అత్తా తీసింది.
వెదురు పూసి, ఎలుకలు పంటంతా ఊడ్చుకుపోయిన ఏడు
అడవి దుంప ఉడికించి
అందులోంచి కూడా ఓ ముక్క పక్కన పెట్టారట.

పెళ్ళికి ముందు నాకు భక్తి ఉండేది.
అంటే, తీరిక ఉండేది.
చీకటితో లేచి కొండెక్కి, గుడిలో
మోకాళ్ళు తిమ్మిరెక్కేదాకా కూర్చునేదాన్ని.
నల్ల అట్ట పుస్తకం అంచుల్లో పెన్సిలు గీతలు, తేదీలు.
ఇప్పుడు ఆ పుస్తకంలో రిబ్బను
రెండేళ్ళుగా ఒకే పేజీలో నిద్రపోతోంది.
దాని మీద టీకాల కార్డు, కరెంటు బిల్లు,
కాగితంలో చుట్టిన ఒక పాలపన్ను.

ప్రార్థన మొదలుపెడతాను.
ప్రభువా,
పొయ్యి దగ్గరికి రాకు, కాలుతుంది,
నీ కృప చొప్పున మమ్మల్ని
ఎవర్రా తలుపు తీసింది, కోళ్ళన్నీ లోపలే
సెర్చిప్ దాటాక ఆ మలుపులో ఆయన్ని...
ఇక్కడ మాత్రం నిజంగా ఆగుతాను.
చెయ్యి గరిటె మీదే ఉంటుంది.
ఈలోగా గంజి పొంగుతుంది.
చిన్నది పుట్టినప్పటినుంచీ ఇది ఒకటే ప్రార్థన.
ఆమెన్ దాకా ఇంకా రాలేదు.

ఆదివారం డోలు మోగుతుంటే
పిల్ల ఏడుపుతో మెట్ల మీదికొచ్చేస్తాను.
ప్రసంగం కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా.
ఓసారి పి దార్ఛూనీ పక్కన కూలబడి,
పైపు వెలిగించుకుని,
నేనేమీ అడక్కుండానే అంది:
"నాకు తొమ్మిదిమంది.
పదిహేనేళ్ళు దేవుడికి నా మొహమే చూపించలేదు, వీపే.
వీపు మీద పిల్ల ఉంది కదా.
ఆయన దాన్నే చూసుకున్నాడు."
తర్వాత తుపుక్కున ఉమ్మి
వంకాయల ధర అడిగింది.

జులైలో కొండ విరిగి రోడ్డు మీద పడింది.
మూడు రాత్రులు ఆయన అవతల, మేం ఇవతల.
చిన్నదానికి జ్వరం.
ఒళ్ళు పట్టుకుంటే చెయ్యి కాలేది.
వాన నీళ్ళ తొట్టి నిండి పొర్లే చప్పుడు తప్ప
నాకేమీ గుర్తులేదు.
అన్నం వండానో, గంజి కాచానో,
పిడికెడు తీశానో లేదో.
తియ్యలేదు. తెలుసు నాకు.
ఆ మూడు రోజులూ దేవుడితో
పోట్లాట తప్ప మాటల్లేవు.

శనివారం ఆడవాళ్ళు గోనెసంచితో వచ్చారు.
ఎటూ చూడకుండా డబ్బా అందించాను.
వంచితే గలగలమంది.
బియ్యం. బియ్యంలో కాసిని పప్పు గింజలు,
సగం కొరికిన బిస్కెట్టు,
ఒక బొత్తాం.
తలుపు వెనక రెమ్సాంగా,
ఒంటి మేజోడుతోనే.
"నా గుప్పిట చిన్నది," అన్నాడు,
"అందుకని రెండేసి సార్లు వేశాను."

వాళ్ళు నవ్వి బొత్తాం ఏరి నా చేతిలో పెట్టారు.
వాళ్ళ నాన్న నీలం చొక్కాది.
ఆ సాయంత్రం రోడ్డు తెరిచారని కబురొచ్చింది.
జ్వరం దిగిన పిల్ల ఒళ్ళో నిద్రపోతుంటే
సూదిలో దారం ఎక్కించి, ముడి వేసి,
ప్రభువా,
అన్నాను,
ఎక్కడ ఆపానో వెదుక్కుంటూ.