కుదురు

ఆ దీవిలో నేనున్నది ఒక్క చలికాలం,
సారా పీపాల లెక్కలు రాసే గుమాస్తాగా.
మూడో రోజు పొద్దున రేవు బోర్డు మీద
సుద్దతో రాసుంది: పడవ స్టిల్ రద్దు.
అంటే, ఇంకా.

హోటల్లో నీళ్ళడిగితే
గ్యాసా, స్టిల్లా? అందా పిల్ల.
సీసాల్లో అలజడి కూడా అమ్ముతారని
అప్పుడే తెలిసింది నాకు.

మంగలి ఇన్నెస్ నా చెవి పక్కన కత్తెర ఆపి
స్టిల్... స్టిల్... అన్నాడు గుర్రాన్ని బుజ్జగించినట్టు.
మా అమ్మయితే నెత్తిన ఒక్కటిచ్చి
కుదురుగా కూచోరా అనేది.

ఈ వాన నాకస్సలు నచ్చదు, అంటూ
ఉల్లిపాయలు తూస్తున్న ఎఫీ
స్టిల్, అని ఆగింది.
ఆ ఆగడంలోనే తక్కెడ ముల్లు సర్దుకుంది.
గొర్రెలకి గడ్డి కావాలిగా, అంది.
అంటే, అయినా సరే.

ఇక బట్టీ.
మెడ వంచిన రాగి పాత్రలు నాలుగు,
ఒక్కోటి మేడంత ఎత్తు. వాటి పేరూ అదే.
లోపల కుతకుతా ఉడికేదానికి
కదలనిదని పేరెట్టిన మహానుభావుడెవరా అని
రాత్రి నిఘంటువు తిరగేశాను.
రెండూ వేరువేరు వేళ్ళవట.
ఒకటి నిలబడటంలోంచి వచ్చింది,
ఒకటి బొట్టు బొట్టుగా రాలడంలోంచి.
దారిలో ఎక్కడో కలిసి ఒకే గొంతు తెచ్చుకున్నాయి.

ఆ రాగి పాత్రల కాపరి ఫార్కర్.
ముప్పై ఒక్క ఏళ్ళ కొలువు.
ఊరంతా వాటిని స్టిల్ అంటే
ఆయనొక్కడే "రాగిది" అంటాడు.
రెండో రాగిది వేడెక్కుతోంది, చూడు.
చివరి రాగిదాన్ని కడిగారా?
కొత్త కుర్రాడు టోర్మాడ్ నవ్వాడు,
పేరు మరిచిపోయావా తాతా?
ఫార్కర్ మాట్లాడలేదు.
రాగి మీద వెనక చేయి ఆనించి చూశాడు
జ్వరం చూసినట్టు.

ఫిబ్రవరిలో గోడ తగాదా వచ్చింది.
మా గిడ్డంగికీ శ్మశానానికీ మధ్య ఎవరిదెంతో తేల్చడానికి
పాదిరి దగ్గర పాత ఖనన పుస్తకం తెచ్చి
వేలుపెట్టి చదువుతున్నాను, గజాలూ వరసలూ.
నలభై నాలుగేళ్ళ కిందటి ఒక పంక్తి.
ఫార్కర్, ఇష్‌బెల్ దంపతుల ఆడపిల్ల.
పేరు గడి ఖాళీ.
పక్క గడిలో ఆ మాటే
పుట్టడమనే మాటకి అంటుకట్టి.
పుట్టింది. కదల్లేదు.
గజాల లెక్క ఆ రోజు తేలలేదు.

ఆదివారం భోజనానికి పిలిచారు.
వాన స్టిల్ పడుతోందా? తలుపు తీస్తూ ఇష్‌బెల్.
సూప్ స్టిల్ వేడిగానే ఉంది, ఊదుకో.
మీ బూట్లు స్టిల్ తడిగానే ఉన్నాయే!
రోజుకెన్నిసార్లంటుందో,
గడప దాటినంత తేలిగ్గా.
అన్నప్రతిసారీ ఫార్కర్ చెంచా
గిన్నెకీ నోటికీ మధ్య
ఒక్క లిప్త ఆగుతోంది.
ఎవరికోసం దాచాడో ఆ మాటని ఇన్నేళ్ళూ!
ఆవిడకి తెలుసో, తెలిసే అంటోందో
నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

సూప్ కుండ కింద పాత పడవతాడు చుట్ట ఉంది.
మాట మార్చడానికి అన్నాను,
మా ఇళ్ళల్లోనూ ఉంటుందిది
అడుగు గుండ్రంగా ఉన్న కుండ ఒరగకుండా.
ఏమంటారు?
కుదురు.
కు-దు-రు, అన్నాడాయన
వేడి బంగాళదుంప నోట్లో ఉన్నవాడిలా.
ఇష్‌బెల్ పగలబడి నవ్వింది.

మర్నాడు పీపాల మీద నంబర్లు వేస్తుంటే
ఆవిరిలోంచి ఫార్కర్ కేక,
టోర్మాడ్! రెండో కుదురు వేడెక్కుతోంది!
కుర్రాడు నావైపు తిరిగి
ఏంటంటాడు? అన్నాడు.

కుండ కింద పెట్టేది, అన్నాను.
రెండో అర్థం చెప్పలేదు.